ఆ చేతులు నీవేనా?

కిందటి సంక్రాంతికి తెనాలిలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక పెద్దవాళ్ళు కబుర్లలో పడ్డారు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న పిన్ని కూతురు కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో తుపాకుల ఆట ఆడుతోంది. నలుగురు ఒక జట్టుగా చేరి, మిగతా జట్లతో తలపడి, చివరిదాకా బతికి ఉండాలి. తన జట్టులోని మిగతా ముగ్గురూ ఎవరో, ఏ ఊరివాళ్ళో తనకి తెలియదు. ఆ ముగ్గురూ చనిపోయాక తనొక్కతే మిగిలి, ఎదుటి జట్టులో ఇద్దర్ని పడగొట్టి ఆట గెలిచింది. ఆ సంబరంలో మైకు ఆన్ చేసి "గెలిచేశాం" అంది. అటునుంచి ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. తర్వాత ఒక కుర్రాడి గొంతు, తెలుగులోనే: "ఫోన్ మీ అన్నకి ఇయ్యి. ఆడింది ఆయనే కదా!"

మా చెల్లికి అన్నలు లేరు. నవ్వేసి మైకు కట్టేసింది. "నేనెప్పుడూ మైకు ఆన్ చెయ్యనక్కా, ఇవాళేదో పొరపాటున చేశాను" అంది. ఆటలో తను పెట్టుకున్న పేరు చూశాను. అది మగపిల్లాడి పేరు.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. వీడియో గేముల గురించి రాయవలసి వస్తుందని అనుకోలేదు. కానీ ఆ కుర్రాడి మాట నాకు కొత్తగా అనిపించలేదు. "ఇది నువ్వే రాశావా?", "మీవారు దిద్దిపెట్టారా?" అన్న ప్రశ్నలు మనలో ఎంతమందికి ఎదురుకాలేదు? ఒక పని బాగా చేసిన స్త్రీ, ఆ పని చేసిన చేతులు తనవేనని వేరే రుజువు చేసుకోవాలి. ఈ నియమం ఎంత పాతదో మనకి తెలుసు. పుట్టి యాభై ఏళ్ళు దాటిన ఒక కొత్త పరిశ్రమలోకి అది చెక్కు చెదరకుండా ఎలా నడిచి వచ్చిందన్నదే నన్ను ఆలోచనలో పడేసింది.

2016లో దక్షిణ కొరియాలో జరిగిన సంగతి చూడండి. అమెరికాకి చెందిన బ్లిజార్డ్ కంపెనీ ఆ ఏడాది మే నెలలో 'ఓవర్‌వాచ్' అనే ఆటని విడుదల చేసింది. నెల తిరక్కుండానే పోటీలు మొదలయ్యాయి. గెగూరి అన్న పేరుతో ఆడే 17 ఏళ్ళ అమ్మాయి కిమ్ సె యోన్ ఆ పోటీల్లో గురి తప్పకుండా కొట్టి తన జట్టుని గెలిపించింది. ఓడిన జట్టులోని ఆటగాళ్ళు, ఆమె మోసం చేస్తోందనీ, గురి దానంతటదే కుదిరేలా చేసే దొంగ ప్రోగ్రాం ఏదో వాడుతోందనీ ఆరోపించారు. తమ మాట అబద్ధమని తేలితే ఆట మానేస్తామన్నారు. బెదిరింపులు కూడా వచ్చాయి. ఆమె మోసం చెయ్యలేదని కంపెనీ కొరియా శాఖ స్పష్టంగా చెప్పింది. అదీ చాల్లేదు.

చివరికి ఒక స్టూడియోలో, ప్రత్యక్ష ప్రసారంలో, ముఖానికి మాస్క్ పెట్టుకుని ఆమె ఆడి చూపించవలసి వచ్చింది. ఒక కెమెరా తెరని చూపిస్తోంది. ఇంకో కెమెరా మౌస్ పట్టుకున్న ఆమె చేతిని చూపిస్తోంది. గంటకి పైగా ఆమె ఆడింది. అంతే బాగా ఆడింది. ఆరోపణ చేసినవాళ్ళు అన్న మాట ప్రకారం తప్పుకున్నారు.

దీన్ని చాలామంది విజయగాథగా చెప్తారు. నాకు మాత్రం ఆ రెండో కెమెరా దగ్గరే మనసు ఆగిపోయింది. దొంగ ప్రోగ్రాములు వాడి పట్టుబడిన మగపిల్లలు ఎందరో ఉన్నారు. అయినా బాగా ఆడే ప్రతి మగపిల్లాడి చేతి ముందూ ఎవరూ కెమెరా పెట్టరు. అతని నైపుణ్యం ముందుగానే నమ్మిన విషయం. అది తప్పని ఎవరైనా రుజువు చెయ్యాలి. ఆమె నైపుణ్యం ముందుగానే అనుమానించిన విషయం. అది ఒప్పని ఆమే రుజువు చెయ్యాలి. నిర్దోషిగా తేలడం వేరు, నైపుణ్యం ఉన్నదానిగా గుర్తింపు పొందడం వేరు. ఆరోజు గెగూరికి దొరికింది మొదటిదే.

మన సాహిత్య చరిత్రలో ఈ కెమెరా మరో రూపంలో ఉంది. 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' 1887లో అచ్చయినప్పుడు దాని పీఠిక ఎగిరిపోయింది. తన వంశంలోని స్త్రీలని తలుచుకుంటూ, తను ఎవరో, తనకి కవిత్వం ఎక్కడినుంచి వచ్చిందో ముద్దుపళని చెప్పుకున్న భాగం అది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, ఆ భాగాన్ని చేర్చి పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేసింది. మరుసటి ఏడే ఆ పుస్తకం ప్రభుత్వ నిషేధానికి గురయింది. ముద్దుపళని రాయలేదని ఎవరూ అనలేదు. కానీ రాసినది తనేనని చెప్పుకున్న పుటలే పోవడం యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. సృష్టి మిగలొచ్చు, సృష్టించినామె కనపడకూడదు.

గేముల చరిత్రలోనూ అంతే. ఈ పరిశ్రమ మగవాళ్ళు కట్టుకున్న ఇల్లనీ, స్త్రీలు ఆలస్యంగా వచ్చిన చుట్టాలనీ ఒక అభిప్రాయం ఉంది. అది నిజం కాదు. కేరల్ షా 1978లోనే అటారీ కంపెనీలో గేములు రాసింది. 1982లో యాక్టివిజన్ కోసం ఆమె చేసిన 'రివర్ రెయిడ్' ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోయిన ఆటల్లో ఒకటి. డోనా బెయిలీ మరొకరితో కలిసి 1981లో 'సెంటిపీడ్' చేసింది. రొబర్టా విలియమ్స్ 1980లో 'మిస్టరీ హౌస్'నీ, 1984లో 'కింగ్స్ క్వెస్ట్'నీ రూపొందించింది. తెర మీద బొమ్మలతో కథ నడిపే ఆటలకి దారి వేసినవాళ్ళలో ఆమె ఒకరు. వీళ్ళు పునాది దగ్గరే ఉన్నారు. కేరల్ షాకి ఒక పెద్ద వేదిక మీద పరిశ్రమ గౌరవం దక్కింది 2017లో, అంటే 'రివర్ రెయిడ్' వచ్చిన 35 ఏళ్ళకి.

మరి పునాదిలో ఉన్న స్త్రీలు ఇంట్లో ఎందుకు కనపడరు? ఇక్కడ నా చిన్నతనం గుర్తొస్తుంది. అన్నయ్యకి మంచి మార్కులు వచ్చాయని నాన్న క్యాసెట్లు పెట్టి ఆడే వీడియో గేమ్ కొనిచ్చారు. దానికి రెండు రిమోట్లు. మొదటిది అన్నయ్యది, రెండోది నాది. మారియో ఆటలో మొదటి రిమోట్ ఉన్నవాడు మారియో, రెండో రిమోట్ ఉన్నవాళ్ళు అతని తమ్ముడు లుయీజీ. మొదటివాడు చస్తేగానీ రెండోవాళ్ళకి వంతు రాదు. అన్నయ్య బాగా ఆడేవాడు. నేను రిమోట్ పట్టుకుని అలా కూర్చునే ఉండేదాన్ని. నా వంతు వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచి పిలిచేది. అన్నయ్య అన్ని మెట్లూ దాటగలిగాడు, నాకు చేతకాలేదు అని చాలా ఏళ్ళు అనుకున్నాను. నాకు దొరికిన సమయం ఎంత అన్నది లెక్క వేసుకోలేదు. నైపుణ్యం అని మనం పిలిచేదాంట్లో తీరిక వాటా ఎంతో, ఆ తీరిక ఇంట్లో ఎవరికి రాసిపెట్టి ఉంటుందో తెలియడానికి నాకు స్త్రీవాదం చదువుకోవలసి వచ్చింది.

1985లో వచ్చిన ఆ ఆటలో ఆడమనిషి ఉంది. కానీ ఆడడానికి కాదు, ఆఖర్న దొరకడానికి. ఆమె రాకుమారి, చివరి కోటలో ఎదురుచూస్తూ ఉంటుంది. మరుసటి ఏడు వచ్చిన 'మెట్రాయిడ్' ఇంకో అడుగు వేసింది. ఇనుప కవచం తొడుక్కుని పోరాడిన వీరుడు స్త్రీ అని ఆఖర్న తెలుస్తుంది. గొప్ప మలుపే. అయితే ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె అంత తక్కువ బట్టల్లో కనిపిస్తుంది. ఆట పొడుగునా తన చేతులతో పోరాడిన ఆమె, ఆట ముగిసేసరికి ఆడినవాడికి బహుమతి అయిపోతుంది. 1989లో నింటెండో చేతిలో పట్టుకుని ఆడే పరికరాన్ని తెచ్చి దానికి 'గేమ్ బాయ్' అని పేరు పెట్టింది. కొనేవాడు ఎవరో పేరులోనే రాసి ఉంది. ఆట ఎదురుగా కూర్చున్న మనిషి మగవాడని ఊహించుకుని ఆట తయారుచేస్తే, ఆ కుర్చీలో కనిపించిన అమ్మాయి పొరపాటున వచ్చినదానిలాగే ఉంటుంది. మా చెల్లిని ఫోన్ అన్నకివ్వమన్న కుర్రాడు ఈ ఊహని కనిపెట్టలేదు, అందులో పెరిగాడు.

ఈ ఊహ వృత్తిగా ఆడేవాళ్ళ దగ్గర ఇంకా గట్టిగా పనిచేస్తుంది. 2018 జనవరిలో ఓవర్‌వాచ్ లీగ్ 12 జట్లతో మొదలైనప్పుడు వాటిలో ఒక్క స్త్రీ కూడా లేదు. గెగూరిని ఎందుకు తీసుకోలేదని అడిగితే, భాష సమస్య అనీ, ఆటగాళ్ళంతా ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి ఇబ్బంది అనీ, తీసుకుంటే ప్రచారం కోసమే తీసుకున్నారంటారనీ కారణాలు వినిపించాయి. ఆడవాళ్ళకి వసతి లేదన్న మాట విని మనం నవ్వాలో ఏడవాలో తెలియదు. కాలేజీల్లో, ఆఫీసుల్లో, కోర్టుల్లో మన అమ్మమ్మల కాలంనుంచీ వింటున్న మాటే కదా! కోట్ల డాలర్లతో మొదలైన లీగ్ ఒక గది ఏర్పాటు చెయ్యలేక ఆగిపోయిందంటే నమ్మాలి. ఆ ఫిబ్రవరిలో షాంఘై డ్రాగన్స్ జట్టు ఆమెని తీసుకుంది. ఆ సీజన్‌లో ఆడిన 40 ఆటల్లో ఒక్కటీ గెలవని జట్టు అది. ఆ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి స్త్రీకి దొరికిన చోటు అలాంటిది.

మరుసటి ఏడు జనవరిలో జరిగినది చెప్పకుండా దాటిపోతే నిజాయితీ అనిపించుకోదు. ఎల్లీ అన్న పేరుతో ఒక 'అమ్మాయి' అమెరికాలో రెండో శ్రేణి జట్టులో చేరింది. "నువ్వు నిజంగా ఆడదానివేనా, రుజువేది?" అంటూ వేధింపులు మొదలయ్యాయి. ఎల్లీ తప్పుకుంది. ఆ పేరు వెనక ఉన్నది ఒక మగ ఆటగాడని తర్వాత తేలింది. అనుమానించినవాళ్ళు "చూశారా" అన్నారు. నిజమే, ఈ ఒక్కసారి వాళ్ళ అనుమానం నిలబడింది. కానీ మోసం చేసింది ఎవరు, దాని ఖరీదు ఎవరు కట్టాలి? 1960లు, 70ల్లో వారపత్రికల్లో స్త్రీల నవలలకి గిరాకీ పెరిగినప్పుడు కొందరు మగ రచయితలు ఆడపేర్లతో రాశారు. దానివల్ల ఆ మగవాళ్ళ పరువేమీ పోలేదు. ఆ పేర్లన్నీ అనుమానంలో పడ్డాయి, అంతే. ఎల్లీ తర్వాత కూడా కొత్తగా రాబోయే అమ్మాయిలు ఇంకో కెమెరాకి సిద్ధపడవలసి వచ్చింది.

ఇదంతా ఆడేవాళ్ళ మధ్య గొడవ, పరిశ్రమకేం సంబంధం అనవచ్చు. సంబంధం ఏమిటో కొరియాలోనే కనపడుతుంది. గెగూరి కెమెరా ముందు కూర్చున్న 2016 వేసవిలోనే, జులైలో, నెక్సన్ కంపెనీ ఆట 'క్లోజర్స్'లో ఒక పాత్రకి గొంతు ఇచ్చిన కిమ్ జా యోన్ అనే నటి ఒక టీషర్టు ఫొటో బయటపెట్టింది. అమ్మాయిలకి రాకుమారుడు అక్కర్లేదు అని దానిమీద ఇంగ్లీషులో ఉంది. అది మెగాలియా అనే స్త్రీవాద బృందానికి చెందినవాళ్ళు కోర్టు ఖర్చుల కోసం అమ్మిన చొక్కా. మగ ఆటగాళ్ళు ఆగ్రహించారు. ఒక్క రోజులో కంపెనీ ఆమె గొంతుని ఆటలోంచి తీసేసింది. రాకుమారిని కాపాడే ఆటలు అమ్ముకుని పెరిగిన పరిశ్రమకి, రాకుమారుడు అక్కర్లేదన్న మాట ఎందుకంత గుచ్చుకుందో అర్థం చేసుకోవచ్చు.

2023 నవంబరులో ఇంకా వింత జరిగింది. అదే కంపెనీ ఆట 'మేపుల్ స్టోరీ' ప్రచార చిత్రంలో, కథానాయిక బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా వచ్చినట్టు రెప్పపాటు కాలం కనపడింది. మెగాలియా గుర్తు అలాంటి చెయ్యే. మగవాళ్ళ మగతనాన్ని ఎగతాళి చేసే సైగ అది. స్టూడియోలోని స్త్రీవాది ఎవరో కావాలని దూర్చారన్నారు. ఒక యువ కళాకారిణి పాత రాతలు తవ్వితీసి ఆమెని వెంటాడారు. కంపెనీ, ఆ చిత్రం చేసిన స్టూడియో వెంటనే క్షమాపణలు చెప్పుకున్నాయి. ఆ చెయ్యి గీసింది ఆమె కాదనీ, నలభైల్లో ఉన్న ఒక పురుష కళాకారుడనీ తర్వాత పత్రికలు బయటపెట్టాయి.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అమ్మాయి తన చేత్తో చేసిన మంచి పని ఆమెది కాదన్నారు. ఇంకో అమ్మాయి తన చేత్తో చెయ్యని పని ఆమెదేనన్నారు. మెప్పు దగ్గర స్త్రీ చెయ్యి మాయమవుతుంది, నేరం దగ్గర ప్రత్యక్షమవుతుంది. రెండోదానికి ఏ కెమెరా అవసరం పడలేదు, ఏ రుజువూ అడగలేదు. గెగూరి విషయంలో నిజం చెప్పిన కంపెనీ మాటని ఆటగాళ్ళు నమ్మలేదు. ఇక్కడ ఆటగాళ్ళ మాటని కంపెనీ విచారించకుండానే నమ్మింది. డబ్బు ఇచ్చేవాడు మగవాడేనన్న ఆ పాత 'గేమ్ బాయ్' ఊహ లేకపోతే ఇంత తొందరగా తల వంచడం సాధ్యమా?

ఆటలు తయారయ్యే చోట కూడా లెక్క ఇలాగే ఉంది. గెగూరి ఆడిన ఆటని తయారుచేసిన యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద 2021 జులైలో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం దావా వేసింది. ఉద్యోగుల్లో స్త్రీలు ఐదోవంతేననీ, జీతాల్లో, పదోన్నతుల్లో వాళ్ళకి అన్యాయం జరిగిందనీ, వేధింపులు ఉన్నాయనీ ఆరోపించింది. 2023 డిసెంబరులో సుమారు 5.4 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అక్కడ లైంగిక వేధింపులు వ్యవస్థాగతంగా ఉన్నాయని ఏ కోర్టూ, ఏ స్వతంత్ర విచారణా నిర్ధారించలేదని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. రయట్ గేమ్స్ కంపెనీ తన మహిళా ఉద్యోగులు వేసిన దావాలో 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. డబ్బు ముట్టడం న్యాయంలో ఒక భాగమే. ఆ స్త్రీలు అక్కడ ఉండి ఉంటే చేసి ఉండే ఆటల మాటేమిటి? అవి ఏ ఒప్పందంలోనూ లెక్కకి రావు.

స్త్రీలు ఆడరు కాబట్టే ఇలా ఉందన్న వాదన నిలవదు. అమెరికాలో పరిశ్రమ సంఘం ఏటా వేసే లెక్కల్లోనే ఆడేవాళ్ళలో దాదాపు సగం స్త్రీలు. ఆ అంకె చూపించగానే ఇంకో మాట వస్తుంది: "వాళ్ళు ఆడేవి అసలైన గేములు కావు." బస్సులో, వంట మధ్యలో, పిల్లల్ని నిద్రపుచ్చాక ఫోన్లో ఆడే 'క్యాండీ క్రష్' లాంటివి ఆటల కిందకి రావట. ఇది కూడా మనకి పరిచయమే. లక్షలమంది చదివిన స్త్రీల నవలలని 'వంటింటి సాహిత్యం' అని పక్కన పెట్టినప్పుడు జరిగింది ఇదే కదా! స్త్రీలు గుంపుగా చేరిన చోటుని ముందు చిన్నది చేసి, తర్వాత పెద్దచోట స్త్రీలు లేరంటారు.

మన దేశంలో మార్పు లేదా అంటే ఉంది. పుణే స్టూడియో నోడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన 'రాజీ' ఆటలో అపహరణకి గురైనవాడు తమ్ముడు, వెతుక్కుంటూ వెళ్ళి పోరాడేది అక్క. రాకుమారి కథ తిరగబడింది. సంతోషమే. 2024 ఏప్రిల్లో ప్రధాని పేరున్న గేమర్లని పిలిచి మాట్లాడినప్పుడు వాళ్ళలో ఒక స్త్రీ ఉంది, పాయల్ ధారే. ఒక్కతే ఉంది. తెర మీద కథానాయికలని లెక్కపెట్టుకుని తృప్తి పడితే చాలదని నాకు అనిపిస్తుంది. తెర ముందు కూర్చున్న అమ్మాయి తన గొంతుతో, తన పేరుతో ఆడగలుగుతోందా అన్నది అసలు కొలత కావాలి. ఆ కొలతతో చూస్తే మా చెల్లి ఫోన్లో ఏ కథానాయిక ఉన్నా ఒకటే, మైకు కట్టేసే ఉంది.

ఒక సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. ఆరోజు ఆ కుర్రాడి మాట విని నాకు కోపం వచ్చింది. చెల్లి తరఫున రెండు మాటలు కూడా అన్నాను. తర్వాత తను ఆటలో తన పాత స్కోర్లు చూపించింది. జిల్లాలో మొదటి వందమందిలో తన పేరు ఉంది, ఆ మగపిల్లాడి పేరు. నేను చూసి, ఏ దురుద్దేశమూ లేకుండా, "ఇవన్నీ నువ్వే ఆడావా?" అన్నాను.

తను ఫోన్ వెనక్కి తీసుకుంది. "నువ్వు కూడానా అక్కా" అనలేదు. అంటే బాగుండేది. "ఆ, నేనే" అని చెప్పి టీ పెట్టడానికి లేచి వెళ్ళింది.

పాతికేళ్ళ కిందట రెండో రిమోట్ పట్టుకుని కూర్చున్నదాన్ని, ముద్దుపళని పీఠిక గురించి క్లాసులో పాఠం చెప్పేదాన్ని, నా నోట్లోంచి ఆ ప్రశ్న అంత సులువుగా ఎలా వచ్చింది? ఆ రెండో కెమెరా పరిశ్రమ దగ్గరే లేదు, మన కళ్ళలో కూడా ఉందని తెలిసింది. వీడియో గేములు మన విమర్శకి తగిన విషయం కాదని, పిల్లల కాలక్షేపమని ఇన్నాళ్ళూ వదిలేశాం. మన ఆడపిల్లలు రోజూ గంటల తరబడి బతికే ఒక చోటు అది. అక్కడ వాళ్ళు మగపేర్లతో, మాట్లాడకుండా బతుకుతున్నారు. మగపేరు చాటున రాయవలసి వచ్చిన స్త్రీల చరిత్రని తవ్వితీసి చదువుతున్న మనం, మన పక్క గదిలో జరుగుతున్న ఆ చరిత్రని చూడలేకపోవడం న్యాయం కాదు. ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు చెల్లిని అడగాలనుకుంటున్నది వేరే ప్రశ్న. అంత గురి ఎలా కుదిరిందో నాకు నేర్పమని.